నల్ల బానెట్టు మీద కట్టుగుడ్డ

ఇంజను చెడితే మార్చవచ్చు. టైరు అరిగితే మార్చవచ్చు. కంపెనీలో వేసి పంపిన మొదటి పూత మాత్రం ఒకసారి పోతే మళ్ళీ రాదు. తరువాత ఎవరు ఎంత జాగ్రత్తగా వేసినా అది రెండో పూతే.

తమిళనాడులోని రాజపాళయంలో తెన్కాశి రోడ్డు పక్కన ఉన్న ఒక కార్ల వర్క్‌షాపులో ముప్పై ఒక్క ఏళ్ళు రంగు విభాగం చూసినాను. ఆ పనిలోకి కొత్తగా వస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. వారికి ఉత్సాహం కలిగించాలన్న ఉద్దేశం నాకు లేదు. పని నిజంగా ఏమిటో ముందే తెలిసి రావడం మంచిదని నా అభిప్రాయం. నేను కొలిచిన అంకెలను మాత్రమే రాస్తాను. కొలవని చోట కొలవలేదని చెబుతాను.

పూత ఎంత

రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. ఈ నాలుగూ కలిపి, పూత మందం కొలిచే నా మీటరులో సాధారణంగా నూరు నుంచి నూటముప్పై మైక్రాన్ల మధ్య చూపించేవి. ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రాను. మెరిసేది, ఎండను ఆపేది, గీతపడేది ఆ పైపొర ఒక్కటే. మొత్తంలో దాని వాటా మూడో వంతుకు కొంచెం ఎక్కువ. మన తల వెంట్రుక సాధారణంగా దానికంటే మందంగా ఉంటుంది.

గీతలు పడిన కారుకు పాలిష్ పట్టి "గీతలు తీసేసినాము" అని మేము చెబుతాము. గీతను తీయడం ఎవరి వల్లా కాదు. గీత ఎంత లోతుకు దిగిందో అంత లోతు దాకా దాని చుట్టూ ఉన్న పూతను అరగదీస్తాము. గుంత పూడ్చలేక, దాని చుట్టూ ఉన్న నేలనంతా తవ్వి సమం చేసినట్టు. ప్రతి పాలిష్‌కూ మూడు నాలుగు మైక్రాన్లు పోతాయి. కారు అద్దంలా మెరుస్తుంది. సొంతదారు చేతులు జోడిస్తాడు. నాకు ఈ ఉద్యోగంలో వచ్చిన మెప్పులో ఎక్కువ భాగం పూతను తగ్గించినందుకే వచ్చింది.

నల్ల కారుకే గీతలు పడతాయని జనం అనుకుంటారు. తెల్ల కారుకూ అన్నే పడతాయి. తెల్లది దాచుకుంటుంది, నల్లది బయటపెడుతుంది. ముదురు నీలం, ముదురు ఎరుపు కూడా అంతే. ఎండలో నిలబెట్టి బానెట్టులో సూర్యుడి ప్రతిబింబం చూడండి. దాని చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గుండ్రటి గీతలు కనబడితే, ఆ కారును ప్రతి రోజూ ఎవరో ప్రేమగా తుడుస్తున్నారని అర్థం.

కడగడం, ఆరబెట్టడం

నీడలో నిలపండి. బానెట్టు చల్లబడే దాకా ఆగండి. మొదట చేయి పెట్టకుండా నీళ్ళతోనే దుమ్మును కిందికి కడగండి. రాలవలసిన దుమ్ములో చాలా భాగం అక్కడే రాలిపోతుంది. తరువాత ఒక బకెట్టులో షాంపూ నీళ్ళు, మరొక బకెట్టులో మంచి నీళ్ళు పెట్టుకోండి. కుచ్చులున్న మైక్రోఫైబర్ తొడుగును చేతికి వేసుకొని పైకప్పు నుంచి మొదలుపెట్టండి. తలుపుల కింది భాగం చివరికి ఉంచండి, ఇసుక అక్కడే ఉంటుంది. ఒక భాగం అయిన ప్రతిసారీ తొడుగును మంచి నీళ్ళలో పిండి, ఆ తరువాతే మళ్ళీ షాంపూలో ముంచండి. చేయి నేరుగా, ముందు నుంచి వెనక్కి పోవాలి. గుండ్రంగా తిప్పకూడదు. తొడుగు నేల మీద పడితే ఆ రోజుకు దాన్ని పక్కన పెట్టేయండి.

మా ఊరి బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. ఎండలో ఆరనిస్తే నల్ల రంగు మీద తెల్లటి వలయాలు నిలిచిపోతాయి. కనుక ఆరబెట్టక తప్పదు. కాని ఎక్కువ గీతలు పడేది కూడా అక్కడే. కుచ్చు ఒత్తుగా ఉన్న పెద్ద తువాలును తడి మీద పరచి, అద్ది, ఎత్తండి. లాగవలసి వస్తే బరువు వేయకుండా లాగండి. అద్దాల సందుల్లో, లైట్ల మూలల్లో బ్లోయరు గాలి చాలు.

పొడి దుమ్మును పొడి గుడ్డతో తుడవవద్దు. మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి మరవవద్దు. ఆడి మాసంలో, అంటే జూలై మధ్య నుంచి, పడమటి కొండల నుంచి గాలి మొదలైతే ఎర్ర దుమ్ము, మిల్లుల దూది కలిసి కార్ల మీద పేరుకుంటాయి. ఆ నెలలో ఊరంతా తుడుస్తూనే ఉంటుంది. ఈ మాట నేను ఎంతమందికి చెప్పినానో లెక్క పెట్టలేదు. విని పాటించినవారిని లెక్క పెట్టడానికి మాత్రం రెండు చేతుల వేళ్ళే ఎక్కువ, కొన్ని మిగిలిపోతాయి.

మా ఊరి గుడ్డ

ఊరూరికి ఒక అలవాటు ఉంటుంది. మా ఊళ్ళో ఆసుపత్రులకు పోయే కట్టుగుడ్డ నేస్తారు. తెల్లగా, పలచగా, ముట్టుకుంటే చేతికి తెలియనంత మెత్తగా ఉంటుంది. మగ్గం దగ్గర పక్కన పడేసిన ముక్క ఏదో ఒకటి ప్రతి ఇంట్లో దొరుకుతుంది. దానితో కాఫీ వడకడతారు, ఊరగాయ జాడీకి వాసెన కడతారు, కళ్ళద్దాలు తుడుస్తారు. కారు కొన్న నాడు దానితోనే కారు తుడుస్తారు. పుండు మీద వేసే గుడ్డ రంగును ఏమి చేస్తుందిలే అని వారి నమ్మకం.

ఆ నమ్మకంలో మెత్తదనం గురించి చెప్పినది నిజమే. కాని గీత పెట్టేది గుడ్డ కాదు, దుమ్ము. కుచ్చు తువాలులో దుమ్ము రేణువు కుచ్చుల లోపలికి పోయి దాక్కుంటుంది. కట్టుగుడ్డకు కుచ్చు లేదు. రేణువుకు పోయే చోటు లేక గుడ్డకూ పూతకూ మధ్యనే నిలిచి, చేయి పోయిన దారంతా గీరుకుంటూ పోతుంది. గుడ్డ ఎంత మెత్తనైతే తుడిచేవాడికి అంత ధైర్యం. ధైర్యం పెరిగినకొద్దీ చేయి అదుముతుంది.

ఇది నేను చెప్పినప్పుడల్లా వర్క్‌షాపులో నవ్వేవారు. నాకు "మీటరు నాయుడు" అని పేరు పెట్టినారు. మా మేనేజరు నాకంటే పదేళ్ళు చిన్నవాడు. మంచివాడే కాని, సొంతదారు ముఖం చూసి మాట మార్చే మనిషి.

"అన్నా, ఊళ్ళో మిల్లులు నడిచేదే ఆ గుడ్డతో. దాన్ని పట్టుకొని మీరు పోలీసు మాదిరి విచారిస్తా ఉంటే మన దగ్గరికి బండి ఎవరు తెస్తారు?" అనేవాడు.

"నేను గుడ్డను తప్పు పట్టలేదు. దుమ్మును తప్పు పట్టినాను."

"దుమ్ముకు బండి లేదన్నా. గుడ్డ నేసేవాళ్ళకు ఉండాది."

పెరుమాళ్

అలాంటి గుడ్డ నేసే మిల్లు ముదలాళి ఒకాయన నల్ల కారు కొన్నాడు. యజమానిని మా వైపు ముదలాళి అంటారు. కారు వచ్చిన వారంలోనే నేను మీటరు పెట్టి చూసినాను. బానెట్టు నడుమ నూటపద్దెనిమిది మైక్రాన్లు. మంచి పూత.

దాని డ్రైవరు పెరుమాళ్. చోళపురం మనిషి, యాభై దాటినవాడు. అతని తండ్రి ఆ మిల్లులోనే మగ్గం నడిపినాడు. మిల్లు వెనుక వరుసలో రెండు గదుల క్వార్టర్సులో పెరుమాళ్ కాపురం. అతని భార్య ఆ ఇంటి వాకిట్లోనే మిల్లువాళ్ళకు పొద్దున ఇడ్లీ పెట్టి అమ్మేది. ఇంటి పొయ్యి, వాకిలి, బేరం అన్నీ ఆ డ్రైవరు ఉద్యోగానికి కట్టి ఉండేవి.

ఏడాది తిరగక ముందే ముదలాళి స్వయంగా కారు తెచ్చినాడు. వెనుక పెరుమాళ్ చేతులు కట్టుకొని నిలబడినాడు.

"నాయుడూ, ఒక ఫంక్షన్‌లో లైటు కింద బండి నిలిపితే సాలెగూడు మాదిరి ఉండాది. పక్కన నిలబడిన వాళ్ళు పాత బండియా అని అడిగినారు. వీడు దేనితో రుద్దినాడో కనిపెట్టి చెప్పు. ఇసుకా, బూడిదా?"

"బూడిద ఏంది ముదలాళీ! బండి ఏమన్నా ఇడ్లీ గిన్నెయా?" అన్నాడు పెరుమాళ్. అంత భయంలోనూ ఆ మాటకు పక్కనున్న మెకానిక్కులు నవ్వినారు. అతను సీటు కింద నుంచి గుడ్డ తీసి నాకు చూపించినాడు. "మన మిల్లు గుడ్డ దా అయ్యా. వేరేది దీని మీద పెట్టనీను. దినమూ పొద్దున రెండు తడవలు తుడుస్తాను." నొక్కి చెప్పడానికి మా వైపు మాట చివర 'దా' చేరుస్తారు.

ముదలాళి కళ్ళెదుటే పరీక్ష పెట్టినాను. పాత సామాన్లలో ఒక నల్ల బానెట్టు ఉండింది. దాన్ని గీత లేకుండా పాలిష్ చేయించి, నడుమ టేపు వేసి, రెండు పక్కలా వర్క్‌షాపు ముందరి దుమ్మునే చల్లించినాను. ఎడమ పక్కను మిల్లు కట్టలోంచి విప్పిన కొత్త గుడ్డతో పొడిగా తుడిపించినాను. కుడి పక్కను నీళ్ళు పోసి, తొడుగుతో కడిగి, కుచ్చు తువాలుతో అద్దించినాను. అన్నే తడవలు, అదే చేయి. తరువాత ఎండలోకి మోయించినాను.

ముదలాళి తెలివిలేనివాడు కాదు. వంగి చాలాసేపు చూసినాడు.

"ఎడమ పక్కది మా గుడ్డయా?"

"మీదే. మీ ఎదుటే విప్పినాము."

"నాయుడూ, ఈ గుడ్డ ఆపరేషన్ థియేటరుకు పోతాది. ఇది గీరుతాది అని నీవు కాగితంలో రాస్తే అది ఊరంతా తిరుగుతాది."

"పుండుకు ఇది మంచి గుడ్డే అని కూడా రాస్తాను. దుమ్ము పట్టిన రంగుకు పనికిరాదు అని రాస్తాను. రెండూ నిజమే."

"వినేవాడు సగం దా వింటాడు," అన్నాడు. ఆ మాటను నేను కాదనలేను. తరువాత పెరుమాళ్ వైపు తిరిగినాడు. "ఏమిరా, నీవు చెప్పు. గుడ్డదా తప్పు, నీ చెయ్యిదా?"

పెరుమాళ్ బానెట్టును చూసినాడు. ఎడమ పక్క గీతలు అతనికీ కనబడినాయి, నాకు సందేహం లేదు. అతను నోరు తెరిచి 'గుడ్డదే' అంటే చాలు, రుజువు నా చేతిలో ఉంది.

"గుడ్డ ఏమి చేస్తాది ముదలాళీ. నా చెయ్యే దా. కొంచెం అదిమి తుడిచినానేమో."

తండ్రి నేసిన గుడ్డను ఆ మనిషి తప్పు పట్టలేకపోయినాడు. తప్పు ఒప్పుకుంటే తిట్టి వదిలేస్తారని కూడా నమ్మినాడు. ముదలాళి ముఖంలో బరువు దిగిపోవడం నేను చూసినాను. ఆ సాయంత్రమే పెరుమాళ్‌ను పనికి రావద్దన్నారు. నెలాఖరుకు క్వార్టర్సు ఖాళీ చేయమన్నారు. పరీక్షలో చూసినది రాసిన నా కాగితాన్ని మేనేజరు ఫైలులో పెట్టలేదు.

"మీరు గుడ్డను పట్టుకోకుంటే ఆయన మనిషిని పట్టుకొని ఉండడు అన్నా," అన్నాడు మేనేజరు.

చేతికి కాగితం

కొన్ని వారాల తరువాత పెరుమాళ్ తళవాయిపురం బస్సు దిగి వర్క్‌షాపుకు వచ్చినాడు. తళవాయిపురంలో అక్క ఇంట్లో ఒక గదిలో ఉంటున్నామని చెప్పినాడు. ఇడ్లీ బేరం పోయిందట.

"అయ్యా, నా చెయ్యి సరి అయినదని ఒక కాగితం రాసి ఇయ్యండి. ఆయన మీ చేతిరాతకు మర్యాద ఇస్తాడు."

"నీ చెయ్యి ఎప్పుడూ తప్పు కాదు పెరుమాళ్."

"అయ్యో, అట్ల రాయొద్దు అయ్యా! ముందు తప్పుగా ఉండె, ఇప్పుడు సరి అయ్యింది అని రాయండి. తప్పు లేకపోతే ఆయన దేన్ని మన్నిస్తాడు?"

చూడనిదాన్ని నేను రాయను. అందుకని రోజూ రమ్మని, పని నేర్పినాను. ఇంత శ్రద్ధగా నేర్చుకున్నవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు. చేయి గుండ్రంగా తిరిగే పాత అలవాటు పోవడమే కష్టమైంది. తిరిగినప్పుడల్లా తన చేతిని తానే కొట్టుకొని, "గొడ్డులాంటి చెయ్యి, గానుగ తిరగడం మాన్తాదా!" అని తిట్టుకునేవాడు. చివరికి అదే పాత బానెట్టును మళ్ళీ పాలిష్ చేయించి అతని చేత మొదటి నుంచి కడిగించినాను. ఎండలో పెట్టి చూస్తే ఒక్క గీత లేదు. "ఈయన నల్ల కారును గీత పడకుండా కడిగి ఆరబెట్టగలడు. పరీక్షించి చూసినాను" అని రాసి సంతకం పెట్టినాను.

కాగితం చదివి అతను, "తప్పు మాట లేదే అయ్యా," అన్నాడు.

"దాన్ని నీవే ఒకసారి చెప్పినావు. చాలు."

ఒక తొడుగు, రెండు కుచ్చు తువాళ్ళు నేనే కొని ఇచ్చినాను. ఈ లోపల కొత్త డ్రైవరు మిల్లు గేటు స్తంభానికి కారు తలుపు రాకినాడు. ముదలాళి పెరుమాళ్‌ను మళ్ళీ పిలిచినాడు. క్వార్టర్సు తిరిగి ఇచ్చినాడు. కారు పాత గీతలన్నీ నేను పాలిష్‌లో తీసి పంపినాను. నేర్పినది ఒక సంసారాన్ని నిలబెట్టిందని ఆ వారమంతా అనుకున్నాను.

తరువాతి సర్వీసుకు కారు వచ్చినప్పుడు డిక్కీ తెరిచినాను. తువాళ్ళు రెండూ కవరు విప్పకుండా అట్లే ఉన్నాయి.

"ముదలాళి మొదటి దినమే చూసినాడు అయ్యా," అన్నాడు పెరుమాళ్. "'గుడ్డ నేసే మిల్లు గేటులో వెలి ఊరి గుడ్డ ఏందిరా? చెయ్యి సరి అయ్యింది కదా, ఇంక మన గుడ్డే చాలు' అన్నాడు."

"నీళ్ళు పోసి కడిగినాకనేనా తుడిచేది?"

"పొద్దున ఆయన రౌండుకు బయలుదేరే ముందు నీళ్ళకు టైము యాడిది? పొడిగానే."

"ఆయనకు చెప్పలేదా?"

"ఒకసారి చెప్పి దా క్వార్టర్సు పోగొట్టుకుంటి కదా అయ్యా," అని నవ్వినాడు. నిజానికి ఆ రోజు చెప్పింది నేను, అతను కాదు. నేను సరిదిద్దలేదు.

కారును ఎండలోకి తీయమన్నాను. సాలెగూడు లేదు. దానికి బదులు బానెట్టు ముందు నుంచి అద్దం దాకా, మగ్గం మీద పడుగు దారాల మాదిరి, సన్నని గీతలు ఒకదాని పక్కన ఒకటి నేరుగా ఉన్నాయి. నేర్పినది నేర్పినట్టే చేసినాడు. నేరు గీత ఒక్క వైపు నుంచే కనబడుతుంది. వెనుక తలుపు దగ్గర నిలబడి ఎక్కే మనిషికి అసలు కనబడదు. ఆ సాయంత్రం ముదలాళి ఫోను చేసినాడు.

"చూసినావా నాయుడూ? చెయ్యే దా తప్పు అని వాడే ఒప్పుకున్నాడు. చెయ్యి మారింది, గీతలు పోయినాయి. నీ పరీక్ష అంతా వట్టిదే."

గీతలు పోలేదని చెప్పినాను. ఆయన నవ్వి పెట్టేసినాడు. ఏటా ఆయుధ పూజకు ముందు ఆ కారుకు పాలిష్ పట్టవలసి వచ్చింది. నేను పని విరమించే నాటికి బానెట్టు నడుమ నూటనాలుగు. ఇంకొన్ని పాలిష్‌లు తట్టుకుంటుందేమో. ఆ తరువాత ఏ డ్రైవరు చేతిని తప్పు పడతారో నాకు తెలియదు.

ఈ పనిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. పూత ఎట్ల పోతుందో మీకు తెలుస్తుంది, ఎంత పోయిందో అంకెలో చూపగలుగుతారు, దాన్ని ఆపడం మీ చేతిలో ఉండదు. కారు మీది కాదు, గుడ్డ మీది కాదు, తుడిచే మనిషి బతుకు మీ చేతిలో లేదు. తెలిసినదాన్ని నేర్పితే మేలు జరుగుతుందని నేను నమ్మి చేరినాను. ఇప్పుడు ఆ నమ్మకానికి నా దగ్గర కొలత లేదు.

మొన్న ఆడి గాలిలో ఆ మిల్లు ముందర నడిచి పోతుంటే పెరుమాళ్ గేటు పక్కన కారు తుడుస్తూ కనబడినాడు. ఆగినాను. ఇంట్లో అందరూ బాగున్నారని, ఇడ్లీ బేరం మళ్ళీ పుంజుకుందని చెప్పినాడు. తరువాత గొంతు తగ్గించినాడు.

"మునుపు పొద్దున బండి తుడవడమంటే నాకు కొండాట్టం అయ్యా, పండగ మాదిరి. పాడుకుంటా తుడిచేవాణ్ణి. ఇప్పుడు గుడ్డ పెట్టినప్పుడల్లా దుమ్ము గీరేది వినిపిస్తాది. మీకు వినిపిస్తా ఉండాదా?"

"అది చెవికి అందే చప్పుడు కాదు పెరుమాళ్."

"నాకు అందుతాది. మీరు నేర్పకుండా ఉండి ఉంటే నాకు తెలియకనే పోయుండును."

లోపలి నుంచి ముదలాళి దగ్గు వినబడింది. పెరుమాళ్ గుడ్డను నాలుగు మడతలు చేసి, ఎర్ర దుమ్ము పట్టిన బానెట్టు మీద పెట్టి, ఏమాత్రం అదమకుండా, ముందు నుంచి అద్దం దాకా నేరుగా లాగినాడు.